ఓరుగంటి చరిత్రమున ఆగ్రహవాచక పదములు

ఇంగ్లీషు చరిత్రగ్రంథములను తెలుగున వ్రాయబూనిన వారికి ఎదురగు చిక్కుపదములలో 'రాత్' అనునది యొకటి. తీవ్రమైన కోపమని దీనికి నిఘంటువులు అర్థము చెప్పుచున్నవి. కాని ఈ యర్థముతో పని తీరదు. కోపము, క్రోధము, ఆగ్రహము, రోషము, ఉగ్రత, కినుక, అలుక, కసి అను పదములన్నియు తెలుగున నున్నవి. ఇవి ఒకదాని స్థానమున ఒకటి నిలువగల పర్యాయపదములు కావు. ఎవరికి, ఎవరిపై, ఏ కారణమున, ఎంతకాలము కోపము కలిగినదను ప్రశ్నలకు ఇవి వేర్వేరు సమాధానములు. చరిత్రకారుడు వీనిలో దేని నెన్నుకొనునో, దానినిబట్టి రాజుల నడతకు మనము కల్పించు కారణము కూడ మారిపోవును. ఖిలా వరంగల్ శిథిలముల చరిత్రమును, కాకతీయుల బిరుదములను, వారి యాస్థానమున వెలసిన శాస్త్రగ్రంథమును ఆధారముగా గొని ఈ విషయమును పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

1. ఇంగ్లీషు పదముల పుట్టుక

ఇంగ్లీషున కోపమును దెలుపు పదములకు మూలములు వేర్వేరు. 'ఆంగర్' అనునది ప్రాచీన నార్స్ భాషనుండి వచ్చినది. అచ్చట దాని యర్థము దుఃఖము, బాధ. 'రేజ్' లాటిను 'రాబియెస్' నుండి ఫ్రెంచి ద్వారమున వచ్చినది. పిచ్చికుక్క రోగమునకు నేటి వైద్యులు వాడు పేరును అదియే. 'ఫ్యూరీ' కూడ లాటిను పదమే. 'రాత్' మాత్రము ప్రాచీన ఇంగ్లీషునుండి నేరుగా వచ్చిన దేశిపదము. మెలితిరుగుటను దెలుపు ధాతువుతో దీనికి చుట్టరికము కలదు. లోలోపల మెలిపెట్టు కోపమని దీని మొదటి భావన.

1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలు అనువాదము ఈ పదమునకు గొప్ప వ్యాప్తి కలిగించినది. అందు దేవుని కోపమునకు ఇది తరచుగా వాడబడినది. నాటినుండి నేటివరకు ఇంగ్లీషు పాఠకుని చెవికి ఈ పదము మూడు విశేషములతో వినబడుచున్నది. మొదటిది, కోపించినవాడు అధికుడు. రెండవది, ఆ కోపమునకు న్యాయమైన హేతువు కలదని ధ్వని. మూడవది, దాని వెంట శిక్ష రాగలదు. ఇంటిలో బిడ్డపై విసుగుకొన్న తల్లికి ఈ పదము నెవ్వరును వాడరు. దేవునికి, చక్రవర్తికి, తుపానునకు వాడుదురు. గ్రీకు మహాకావ్యమైన ఇలియడ్ మొట్టమొదటి పదమగు 'మేనిస్' ఇట్టిదే. సామాన్యులకు కలుగు కోపమునకు గ్రీకున వేరు పదములుండగా, దేవతలకును వారితో సమానుడైన అకిలీసునకును ఈ పదము ప్రత్యేకింపబడినది.

అయితే క్రైస్తవమతమున సప్తమహాపాపములలో నొకదానికి కూడ ఇంగ్లీషున 'రాత్' అనియే పేరు. మనవారి అరిషడ్వర్గమున రెండవదియగు క్రోధమునకు ఇది సరియగు జత. కావున ఒకే పదము దేవునియందు ధర్మమై, మనుష్యునియందు పాపమై నిలిచినది. తెలుగువా రీ రెండింటిని ఒకే పదమున ఇముడ్చలేదు. మానవుని శత్రువుగా ఎంచబడినది క్రోధము. సుమతీశతకకారుడు కోపమును తన వైరిగా చెప్పినపుడు ఆయన మనసులో నున్నదియు అదియే. దేవుని కోపమునకు తెలుగు బైబిలు అనువాదకులు 'కోపము'ను కొన్ని తావుల వాడినను, తీవ్రత తెలుపవలసిన తావుల 'ఉగ్రత' అనుదానిని చేపట్టిరి. ఈ యెన్నిక ఎంత సమంజసమో క్రింద చూపుదుము.

2. తెలుగు పదముల పరిధి

కోపశబ్దమునకు మూలమైన సంస్కృత ధాతువునకు కదలుట, క్షోభించుట అని యర్థము. శాంతముగా నున్నది కలతపడుట కోపము. అందుచేతనే వైద్యశాస్త్రమున వాతపిత్తశ్లేష్మములకు ప్రకోపము చెప్పబడినది. దేశ్యమగు 'కనలు' ధాతువున మంట కలదు. నిప్పు కనలును, మనుష్యుడును కనలును. ఇంగ్లీషువాడు మెలితిప్పుటను చూచిన చోట తెలుగువాడు మంటను చూచినాడు.

వాక్యనిర్మాణమున మరియొక భేదము గమనింపదగినది. 'నాకు కోపము వచ్చినది' అందుము. ఇచ్చట కోపము కర్త. మనుష్యుడు షష్ఠీవిభక్తిలో నిలిచి, వచ్చినదానిని అనుభవించువాడు. 'రాజు ఆగ్రహించెను' అన్నపుడు రాజే కర్త. ఆకలి, నిద్ర, జ్వరము వచ్చినట్లే సామాన్యునికి కోపము వచ్చును. ఆగ్రహము అట్లు వచ్చునది కాదు, అది అధికారము గలవాడు చేయు పని. కూలివాడు యజమానిపై ఆగ్రహించెనని వాడుకలో సాధారణముగా అనము. 'ప్రజాగ్రహము' అను సమాసము పత్రికలలో వాడుక కెక్కినదన్న, ప్రజలను ప్రభువులుగా భావించు కాలము వచ్చినదని దాని యర్థము.

'ఆగ్రహము' సంస్కృతమున కోపమును ప్రధానముగా చెప్పు పదము కాదు. గట్టిగా పట్టుకొనుట, పట్టుదల అని దాని యర్థము. హిందీ, మరాఠీ భాషలలో నేటికిని పట్టుబట్టి కోరుట అను నర్థమే కలదు. గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికాలో రూపొందించిన 'సత్యాగ్రహము' అను పదమున నున్నదియు ఈ పట్టుదలయే. తెలుగున మాత్రమిది కోపవాచకమైనది. ఎందుచేత? నిగ్రహానుగ్రహములు రాజునకును దేవునికిని గల శక్తులని శాస్త్రములు చెప్పును. శిక్షించుట నిగ్రహము, కరుణించుట అనుగ్రహము. ఈ జంటప్రక్కన 'ఆగ్రహము' చేరి, అనుగ్రహమునకు ప్రతియోగిగా తెలుగువారికి వినబడి యుండునని మా యూహ. నేడు 'నిగ్రహము' అన్నచో తన్ను తాను అదుపులో నుంచుకొనుట యని ఎక్కువమంది గ్రహింతురు. శిక్షార్థము ఆగ్రహమునకు సంక్రమించినది. పారసీక రాజాస్థానముల భాషలోను 'లుత్ఫ్', 'కహర్' అను జంట కలదు. మొదటిది అనుగ్రహము, రెండవది ఆగ్రహము. రాజరికమున్న చోటులందెల్ల ఈ రెండు ముఖములకు పేళ్లు అవసరమైనవి.

'అలుగు' ధాతువు గతి వేరు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలో శ్రీకృష్ణుడు ధర్మరాజు కోపమునుగూర్చి కౌరవులను హెచ్చరించినపుడు వాడబడిన ధాతువిది. అచ్చటి అలుక లోకమును తలక్రిందులు చేయగలది. నేడు అలుక యన్న అన్నము మానివేసి మూలకూర్చున్న బిడ్డయో, పెండ్లిలో కానుక కోరు అల్లుడో జ్ఞప్తికి వచ్చును. భయంకరమైనది ముద్దుగా మారినది. భాషలో ఒక పదము బలము తగ్గినపుడు ఆ స్థానమును మరియొకటి ఆక్రమించును. అలుక వదలిన సింహాసనమును ఆగ్రహము అధిష్ఠించినది.

ఇక ఓరుగంటి ప్రాంతమున ప్రజలు నోటినిండ పలుకు 'గుస్స' మాట. ఇది అరబ్బీనుండి పారసీకమునకును, ఉర్దూకును, అందుండి తెలంగాణపు తెలుగునకును వచ్చినది. అరబ్బీలో దీనికి గొంతున అడ్డుపడునది, గొంతు పూడుకొనిపోవుట అని యర్థము. పారసీకమున దుఃఖమైనది. ఉర్దూలోను మన పల్లెలలోను కోపమైనది. నార్స్ భాషలో దుఃఖముగా నున్న పదము ఇంగ్లీషున 'ఆంగర్' అయినట్లే, ఇచ్చటను దుఃఖము కోపముగా పరిణమించినది. పరస్పర సంబంధము లేని రెండు భాషామార్గములలో ఒకే పరిణామము కలిగినదన్న, అది మనుష్యస్వభావముననే కలదని తలపవలసియున్నది. తీర్పబడని దుఃఖము కోపమగును.

3. కాకతీయుల బిరుదములు: 'ఛలము'

కాకతీయుల బిరుదములలో 'చలమర్తిగండ' అనునది యొకటి. దీనిని ఇంగ్లీషున వివరించునపుడు క్రోధమును సూచించు పదములు వాడుట కలదు. నేటి తెలుగున చలము అనగా మొండితనము, మత్సరము, కోపము అను నర్థములు కలిసియుండుటయే ఇందుకు కారణము. కాని బిరుదములను నేటి నిఘంటువుతో చదువుట ప్రమాదకరము. కాకతీయులు మొదట కల్యాణి చాళుక్యుల సామంతులు. వారి బిరుదములు అనేకము కన్నడదేశపు సంప్రదాయము ననుసరించినవి. కన్నడమున 'ఛల' మనగా నేటికిని దృఢసంకల్పము, పట్టువదలనితనము. హొయసల రాజుల బిరుదములలో 'ఛలదంకరామ' అనునది ప్రసిద్ధము. సంకల్పదార్ఢ్యమున రాముని వంటివాడని దాని భావము. రాముని క్రోధమునకు ఉపమానముగా తెచ్చుట కవులకు పరిపాటి కాదు. మాట తప్పనితనమునకు తెచ్చుట పరిపాటి. కావున ఇచ్చట ఛలము కోపము కాజాలదు.

'గండ' శబ్దముతో ముగియు బిరుదముల నిర్మాణమును కూడ చూడవలెను. విజయనగర రాజుల 'మూరురాయరగండ' అనుదానిలో మొదటి భాగము ఓడింపబడిన వారిని చెప్పును. మువ్వురు రాజులకు మొనగాడని యర్థము. ఆ రీతిగనే చలమర్తిగండ యనగా పట్టువిడువని మొండి శత్రువులకు మొనగాడని అన్వయించుట సమంజసమని మా యభిప్రాయము. ఈ యన్వయమున మొండితనము పగవారిది; రాజుది దానిని వంచిన పరాక్రమము. రుద్రమదేవికి ప్రసిద్ధమైన 'రాయగజకేసరి' బిరుదముకూడ ఇట్టి నిర్మాణమే కలది. రాజులను ఏనుగులకు సింహమని దాని యర్థము. ఇందును చెప్పబడినది ఆధిక్యమే కాని ఆగ్రహము కాదు.

ఈ బిరుదముల చెంతనే కాకతీయ ప్రశస్తిలో 'పతిహితచరిత', 'వినయవిభూషణ' అను విశేషణములు కలవు. ప్రభువునకు హితము చేయు నడవడి, వినయమనెడి యాభరణము తమకు కలవని చాటుకొన్న వంశమిది. హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని 1163 నాటి రుద్రదేవుని శాసనము యుద్ధములను గట్టిగా వర్ణించినది. చాళుక్య తైలపుడు రుద్రదేవుని వలన భయముచేతనే మరణించెనని అది చెప్పును. అచింతేంద్రుడు రచించిన ఆ శాసనమున శత్రువు భయము వర్ణింపబడిన తీరు గమనింపుడు. రాజు కోపమునకు కొలత ఆయన ముఖమున లేదు, ఎదుటివాని గుండెలో నున్నది.

గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము ఈ యంశమునకు మరియొక ముఖము. 1244 ప్రాంతమున వెలువడిన ఈ శాసనము సముద్రవర్తకుల నుద్దేశించినది. తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సర్వస్వమును పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరనియు, తాను నియమిత శుల్కము తప్ప అన్యము గ్రహింపననియు గణపతిదేవుడు ప్రకటించెను. ప్రకృతి యాగ్రహమునకు గురియైన వానిపై రాజు కూడ పడరాదన్న నీతి యిది. నిగ్రహానుగ్రహములలో అనుగ్రహమును శిలపై చెక్కించుట రాజ్యమునకు లాభకరమని ఆయనకు తెలియును. కీర్తియు, పుణ్యమును, వర్తకమును ఒక్కచోట కలిసినవి.

4. విద్యానాథుని సాక్ష్యము

ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు ప్రతాపరుద్రీయమను నలంకారశాస్త్రమును రచించెను. తొమ్మిది ప్రకరణముల ఈ గ్రంథమున ఉదాహరణములెల్ల ఆ రాజును స్తుతించునవే. నాయకప్రకరణము మొదటిది, రసప్రకరణము నాలుగవది. శాస్త్రరీత్యా క్రోధము రౌద్రరసమునకు స్థాయిభావము. ఉత్సాహము వీరరసమునకు స్థాయిభావము. రెండును యుద్ధభూమిలోనే కనబడును. అయినను ఆలంకారికులు వీనిని కలిపివేయలేదు. వీరుడు కార్యమును చూచును; క్రుద్ధుడు శత్రువునే చూచును. రాజును మహావీరునిగా కీర్తింపదలచిన కవికి ఈ భేదము ప్రాణము వంటిది.

నాయకులలో ధీరోదాత్తుడు గంభీరుడు, తన్ను తాను పొగడుకొననివాడు, కరుణ లేక క్షమ గలవాడు. ధీరోద్ధతుడు దర్పమాత్సర్యములు గలవాడు, చండుడు. ధనంజయుని దశరూపకము మొదలుకొని ఈ విభాగము స్థిరమైనది. ప్రతాపరుద్రుడు ఆస్థానకవి దృష్టిలో ధీరోదాత్తుడు. అనగా ఓరుగంటి సభలో రాజునకు 'ఆగ్రహశీలుడు' అను మాట స్తుతిగా చెల్లదు. అట్టి స్వభావము ప్రతినాయకునిది.

ముప్పది మూడు వ్యభిచారిభావములలో 'అమర్షము', 'ఉగ్రత' అనునవి కలవు. అవమానమును సహింపలేకపోవుట అమర్షము. తెలుగున 'రోషము' దీనికి దగ్గరగా నుండును. ఉగ్రతనుగూర్చి నాట్యశాస్త్రము ఏడవ యధ్యాయమున చెప్పిన మాట మన విషయమునకు మిక్కిలి ఉపకరించును. దొంగ పట్టువడుట, రాజునెడ అపరాధము చేయుట, అసత్యప్రలాపము మొదలగు హేతువులచే ఉగ్రత పుట్టును. వధించుట, బంధించుట, కొట్టుట, గద్దించుట మొదలగునవి దాని ఫలములు. అధికారికోపము, దోషికి శిక్ష అనునవి రెండును ఇందు కలవు. ఇంగ్లీషు 'రాత్' పదమున మనము చూచిన మూడు విశేషములును ఈ లక్షణమున ఇమిడియున్నవి. బైబిలు అనువాదకులు ఈ శాస్త్రవాక్యమును చూచి యెన్నుకొనిరో లేదో కాని, భాష వారిని సరియైన పదమువద్దకే నడిపించినది. వరంగల్లు భద్రకాళిని సేవించు భక్తులకు కూడ ఈ పదము పరాయిది కాదు. దేవి పూర్వము ఉగ్రరూపిణిగా నుండెననియు, 1950లో జరిగిన పునరుద్ధరణమున సౌమ్యమూర్తిగా మార్పబడెననియు ఆలయసంప్రదాయము చెప్పును. ఉగ్రము శాంతింపగలది, క్రోధమునకు ఆ గౌరవము లేదు.

5. శిథిలములను చదువుట

ఈ పదవిచారము కోటలోని రాళ్లయొద్ద పరీక్షకు నిలువవలెను. 1303 మొదలు 1323 వరకు ఢిల్లీ సేనలు ఓరుగంటిపై పలుమారులు దండెత్తినవి. 1309-10 నాటి ముట్టడిని అమీర్ ఖుస్రో వర్ణించెను. మట్టికోటను, దానిలోపలి రాతికోటను ఆయన పేర్కొనెను. ప్రతాపరుద్రుడు తన బంగారు ప్రతిమకు మెడలో గొలుసు వేసి సంధికై పంపెనని వ్రాసెను. 1323లో ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకొనిన పిదప నగరము సుల్తాన్‌పూర్ అయినది. స్వయంభూదేవాలయము నేలమట్టమైనది. నాలుగు కీర్తితోరణములు మాత్రము నిలిచియున్నవి.

ఈ కథను చెప్పువారు తరచుగా 'సుల్తాను ఆగ్రహించెను', 'ఆగ్రహముతో ధ్వంసము చేసెను' అని వ్రాయుదురు. ఇట్లు వ్రాసినచో కప్పము, సరిహద్దులు, సేనావ్యయము, దక్షిణాపథపు ధనము అను కారణములు మరుగునపడును. మిగిలినది ఒక మనుష్యుని ముఖకవళిక. ఆగ్రహముచేతనే అంతయు కూల్చినచో తోరణములు ఏల మిగిలినవను ప్రశ్నకు సమాధానము దొరకదు. 2014లో ప్రకటితమైన గ్రంథమున రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగొనర్ పండితులు ఈ ప్రశ్నను చర్చించిరి. గుడిని విప్పి ఆ స్థలమున మసీదును నెలకొల్పి, తోరణములను దానికి నాలుగుదిక్కుల హద్దుగా తెలిసియే నిలిపిరని వారి సిద్ధాంతము. దీనిని అంగీకరించినచో ఆ కూల్చివేత ఆవేశమున జరిగినది కాదు, లెక్కించి చేసిన రాజ్యకార్యము. అది నష్టమును తగ్గించు మాట కాదు. కోపముచే చేసిన పనికంటె ఆలోచించి చేసిన పనికి బాధ్యత ఎక్కువ. 'ఆగ్రహము' అను పదము ఇచ్చట చేసినవానికి ఒక విధమగు క్షమాపణ పత్రమగుచున్నది.

అదే కోటలో ఆరు శతాబ్దుల తరువాత మరియొక ఘట్టము. 1946 ఆగస్టు 11న కోటలో త్రివర్ణపతాకము నెగురవేసిన సందర్భమున రజాకార్ల దాడిలో బత్తిని మొగిలయ్య హతుడయ్యెను. ఆ కాలపు ఓరుగంటి ప్రజల కోపమునకు ఏ పదము తగును? ఆగ్రహమనరాదు, వారి చేతిలో అధికారము లేదు. క్రోధమనరాదు, వారియందు దోషము లేదు. వరంగల్లులో జీవించిన ప్రజాకవి కాళోజీ నారాయణరావు నిజాము పాలన చివరినాళ్ల యణచివేతపై పలికినపుడు 'కసి' అను పదమును ఎన్నుకొనెను. కసి బలహీనుని కోపము. అది వెంటనే బయటపడు వీలులేక, కాలమునకై కాచుకొని, ఆరకుండ నిలుచునది. ఇంగ్లీషు 'రాత్' పైనుండి క్రిందికి దిగును. కసి క్రిందనుండి పైకి లేచును. 1953లో వెలువడిన ఆయన 'నా గొడవ' పేరును ఈ వరుసలోనే చేరదగినది. ఫిర్యాదు, దుఃఖము, కోపము మూడును కలిసినది గొడవ. గొంతులో అడ్డుపడిన దుఃఖమే గుస్స యైనదని పైన చెప్పిన పదచరిత్రమునకు ఇంతకంటె మంచి నిదర్శనము వేరు లేదు.

6. ఉపసంహారము

పై విచారము వలన తేలినది సంగ్రహముగా చెప్పుదుము. దేవునిగూర్చియు, శిక్షాధికారము గల న్యాయస్థానమునుగూర్చియు 'రాత్' అన్నచో 'ఉగ్రత' తగును. రాజు, ప్రభువు, పెద్దలు కర్తలైనపుడు 'ఆగ్రహము' తగును, కాని ఆ కోపమునకు మూలమున ఆధారమున్నపుడు మాత్రమే. పాపముగా చెప్పినపుడు 'క్రోధము', మానభంగమున పుట్టినపుడు 'రోషము', అణగద్రొక్కబడినవాని యందు 'కసి' తగును. ప్రాచీన బిరుదములలోని 'ఛలము'ను వీనిలో దేనితోను కలుపరాదు.

బ్రౌను దొర 1852లో తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడెను. నాటినుండి మన నిఘంటువులు పదములకు అర్థములను చక్కగా సేకరించినవి. ఆ పదములను ఎవరు ఎవరిపై వాడుదురో తెలుపు పని ఇంకను మిగిలియున్నది. శాసనభాషకును పల్లెపలుకునకును సమానముగా చెవియొగ్గిన వారికే ఆ పని సాధ్యమగును. పాఠ్యపుస్తకమున ఒక రాజు 'ఆగ్రహించి' దండెత్తినాడని చదివిన విద్యార్థి, ఆ యాగ్రహమునకు సాక్ష్యమేదియని ప్రశ్నించుట నేర్చినచో, ఓరుగంటి కోటలోని తోరణములు అతనికి ఇప్పటికంటె ఎక్కువ చెప్పగలవు.